సిస్టమ్ లెగట్లేదు అన్నియ్యా: తరచుగా అడిగే ప్రశ్నలు

నేనుండేది శ్రీకాకుళంలో. విండోస్‌కి బదులు వాడుకునే డెబియన్ లినక్స్ తీసుకుని, అక్కర్లేనివి పీకేసి, తెలుగు ఫాంట్లూ కీబోర్డూ ముందే పెట్టి, పెన్‌డ్రైవ్‌లో పట్టే ఒక సిస్టమ్ తయారు చేసుకున్నాను. మొదట నా కోసమే. తర్వాత పిన్ని కొడుకు అడిగాడు, వాడి ఫ్రెండ్స్ అడిగారు, ఇప్పుడు ఆమదాలవలస నుంచి పలాస దాకా ఓ పాతిక ఇళ్లలో నడుస్తోంది. వీళ్లందరూ ఫోన్ చేసేది రాత్రి పది దాటాకే. అప్పటికే ఏదో ఒకటి కెలికి, చెడగొట్టి, దాన్ని బాగుచేయబోయి ఇంకాస్త చెడగొట్టి ఉంటారు. అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

కమాండ్లను ఫోన్‌లో చెప్పుకున్నట్టే తెలుగులో రాశాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టాలి. స్పెల్లింగు అనుమానంగా ఉంటే మొదటి మూడక్షరాలు కొట్టి ట్యాబ్ రెండుసార్లు నొక్కండి, ఆ అక్షరాలతో మొదలయ్యే కమాండ్లన్నీ కనిపిస్తాయి.

దీని పేరేంటి? ఇది మీరు తయారు చేసిందేనా?

పేరు పెట్టలేదు. పెడితే లోగో అడుగుతారు, లోగో వచ్చాక దానికి తగ్గ వాల్‌పేపర్ అడుగుతారు. లోపల ఉన్నది డెబియన్ 12, పైన కనిపించేది ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్. లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నల్‌ని, అంటే సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌ని, బయటపెడితే, 1993లో ఇయన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టాడు. ఉబుంటూ కూడా ఈ ఇంటి బిడ్డే. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టుకోవచ్చు అని లైసెన్సులోనే ఉంది కాబట్టి నేను చేసింది దొంగతనమూ కాదు, ఘనకార్యమూ కాదు. పప్పు వాళ్లు ఉడకబెట్టారు, నేను పోపు పెట్టాను.

నా పాత ల్యాప్‌టాప్‌లో నడుస్తుందా?

64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. 2 జీబీ అయినా నడుస్తుంది గానీ బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిచేసరికి ఆయాసపడుతుంది. డబ్బు పెట్టగలిగితే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి, ర్యామ్ తర్వాత చూసుకోవచ్చు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయాక నా దగ్గరికి వచ్చిన ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా ఒకే రకం. మిషన్ శుభ్రంగా ఉంటుంది, విండోస్ 11 మాత్రం ఎక్కనంటుంది.

విండోస్ తీసేయకుండా పక్కన పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. కానీ నాకొచ్చే ఫోన్లలో సగం ఇక్కడి నుంచే పుడతాయి.

విండోస్ పార్టిషన్‌ని, అంటే డిస్కులో దానికిచ్చిన గదిని, చిన్నది చేసే పని విండోస్‌లోనే, దాని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయండి. అంతకంటే ముందు, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బూట్ అయ్యే, అంటే సిస్టమ్ లేచే, పద్ధతి మారిందని దానికి అనుమానం వస్తే 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే మీ ఫైళ్లను నేనే కాదు, ఎవరూ తెరవలేరు.

తర్వాత ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్‌ని షట్‌డౌన్ చేశామని మనం అనుకుంటాం గానీ అది సగం నిద్రలో ఉంటుంది. ఆ డ్రైవ్‌ను లినక్స్‌లో తెరిస్తే చదవనిస్తుంది, రాయనివ్వదు. "నా డీ డ్రైవ్‌లో ఫైలు కాపీ అవట్లేదు" అని వచ్చే ఫోన్లకు నూటికి తొంభై కారణం ఇదే.

ఇంకోటి గడియారం. లినక్స్ నుంచి విండోస్‌లోకి వెళ్తే టైము సరిగ్గా ఐదున్నర గంటలు వెనక చూపిస్తుంది. బ్యాటరీ పోయిందని షాపుకెళ్లి సెల్ మార్పించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది అంతర్జాతీయ సమయం అనుకుంటుంది లినక్స్, మన ఊరి సమయం అనుకుంటుంది విండోస్. ఇద్దరి మధ్య తేడా 5:30. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే కిటికీలో, టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొట్టి, ఖాళీ వదిలి, సెట్ లోకల్ ఆర్‌టీసీ అనే మూడు మాటల్నీ అడ్డగీతలతో కలిపి, చివర 1 కొట్టండి. ఆర్టీసీ అంటే బస్సు కాదు, ఆ గడియారమే.

ఇన్‌స్టాల్ చేసిన రోజే ఏం చేసి పెట్టుకోవాలి?

నేనిచ్చిన పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి సినిమాలు ఎక్కించకండి. సిస్టమ్ లేవని రోజున మీకున్న దారి అదే. ఇది మొదటి మాట, దీన్నే అందరూ మర్చిపోతారు.

తర్వాత టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఒక స్నాప్‌షాట్, అంటే సిస్టమ్ ఇప్పుడున్న స్థితికి నకలు, తీయండి. వారానికొకటి దానంతటదే తీసేలా కూడా పెట్టుకోవచ్చు. రేపు ఏదైనా అప్‌డేట్ వికటిస్తే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అందులోనే టైమ్‌షిఫ్ట్ తెరిచి, నిన్నటి సిస్టమ్‌కి వెనక్కి వెళ్లిపోవచ్చు. అయితే టైమ్‌షిఫ్ట్ మామూలుగా మీ సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్ జోలికి పోదు. అంటే సిస్టమ్‌ని వెనక్కి తిప్పినా మీ ఫొటోలు చెక్కుచెదరవు. ఆ ఫొటోలు పోతే మాత్రం తెచ్చివ్వదు. "టైమ్‌షిఫ్ట్ ఉంది కదా" అని ధీమాగా ఉండి పెళ్లి వీడియో పోగొట్టుకున్న మనిషి మా వీధిలోనే ఉన్నాడు. ఫొటోలకు, కాగితాలకు వేరే హార్డ్ డిస్క్ మీద ఒక కాపీ ఉండాల్సిందే.

ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు హోమ్‌కి వేరే పార్టిషన్ పెట్టుకుంటే ఇంకా మంచిది. అంతా తలకిందులైనా సిస్టమ్ ఉండే రూట్ పార్టిషన్ ఒక్కటే తుడిచి మళ్లీ ఎక్కించుకోవచ్చు.

చెడిపోయింది. మొట్టమొదట ఏం చేయాలి?

చేతులు కీబోర్డు మీంచి తీసేయండి. స్క్రీన్ మీద ఉన్నది ఫోన్‌తో ఫొటో తీయండి. మీకు అర్థం కాకపోయినా సరే. "ఏటో ఇంగ్లీషులో వచ్చీసింది, నానేటో నొక్కీసాను, పోనాది" అని చెబితే నేను చేయగలిగింది ఏమీ లేదు.

"సిస్టమ్ లెగట్లేదు" అన్న మాటకు ఐదారు అర్థాలున్నాయి. పవర్ బటన్ నొక్కితే కంపెనీ లోగో కూడా రాకపోతే అది లినక్స్ గొడవ కాదు, ర్యామో, బ్యాటరీయో, మదర్‌బోర్డో చూడాలి. లోగో వచ్చి, ఆ వెంటనే నల్ల తెర మీద గ్రబ్ రెస్క్యూ అనో, బూట్ డివైస్ లేదనో వస్తే పాడైంది బూట్‌లోడర్, దాని పేరే గ్రబ్. అంటే లోపలికి దారి చూపించేది పోయింది, లోపల ఇల్లు అలాగే ఉంది. గ్రబ్ మెనూ వచ్చి, ఒకటి ఎంచుకున్నాక అక్షరాలు జరజరా పరిగెత్తి ఎక్కడో ఆగితే కెర్నలో, డ్రైవరో, డిస్కో. పాస్‌వర్డ్ అడిగే దాకా వచ్చిందంటే సిస్టమ్ లేచినట్టే, డెస్క్‌టాప్ మాత్రమే అలిగింది.

నిన్న అప్‌డేట్ చేసి ఈరోజు లేవలేదంటే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. పాత కెర్నల్ అక్కడే ఉంటుంది, దాన్ని ఎంచుకోండి. చాలాసార్లు కథ అక్కడితో ముగుస్తుంది.

మౌస్ కదలట్లేదు, తెర బిగుసుకుపోయింది అంటే కంట్రోల్, ఆల్ట్ రెండూ పట్టుకుని ఎఫ్3 నొక్కండి. నల్ల తెర మీద లాగిన్ అని వస్తుంది. మీ పేరు, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లొచ్చు. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనిపించవు, కీబోర్డు పాడైందని కంగారు పడకండి. బొమ్మలు లేని ఈ తెర నుంచి చేయలేని రిపేరు దాదాపు లేదు.

గ్రబ్ రెస్క్యూ వచ్చింది, లేదా గ్రబ్ అసలు రాకుండా విండోసే తెరుచుకుంది. ఫార్మాట్ కొట్టేయాలా?

వద్దు. ముందు బయాస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్లి బూట్ వరస చూడండి. విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత ఒక్కోసారి విండోసే ముందుకొచ్చి కూర్చుంటుంది. డెబియన్ అన్న పేరును మళ్లీ పైకి జరిపితే చాలు.

అది కాకపోతే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, బయటి నుంచి లోపలికి వెళ్లాలి. దీన్ని సీహెచ్‌రూట్ అంటారు. పెన్‌డ్రైవ్‌లోని బతికున్న సిస్టమ్‌ని ఆసరాగా చేసుకుని, పడిపోయిన సిస్టమ్ లోపల నిలబడి కమాండ్లు కొట్టడం. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొడితే పార్టిషన్లన్నీ సైజులతో కనిపిస్తాయి. ఏది రూటో సైజు చూసి పోల్చుకోండి. నా దాంట్లో ఎస్‌డీఏ2, మీ దాంట్లో ఎన్‌వీఎంఈతో మొదలయ్యే పొడుగు పేరు ఉండొచ్చు. రూట్ పార్టిషన్‌ని ఎంఎన్‌టీ ఫోల్డర్ మీద మౌంట్ చేయాలి, అంటే ఆ ఫోల్డర్‌లోంచి తెరుచుకునేలా తగిలించాలి. ఈఎఫ్‌ఐ అనే చిన్న పార్టిషన్‌ని దాని లోపలి బూట్‌లోని ఈఎఫ్‌ఐ ఫోల్డర్ మీద మౌంట్ చేయాలి. డెవ్, ప్రాక్, సిస్ అనే మూడింటినీ ఆర్‌బైండ్‌తో లోపలికి చూపించి, అప్పుడు సీహెచ్‌రూట్ స్లాష్ ఎంఎన్‌టీ కొట్టాలి. ఇక అక్కడ కొట్టేదంతా మీ అసలు సిస్టమ్ మీదే పనిచేస్తుంది. గ్రబ్ ఇన్‌స్టాల్, అప్‌డేట్ గ్రబ్, ఈ రెండూ అయ్యాక ఎగ్జిట్ కొట్టి, పెన్‌డ్రైవ్ తీసి, రీబూట్.

మొదటిసారి గంట పడుతుంది. మూడోసారికి టీ చల్లారేలోపు అయిపోతుంది.

బూట్ అవుతూ ఒకటిన్నర నిమిషం లెక్కపెట్టి, ఎమర్జెన్సీ మోడ్ అంటోంది. ఏంటిది?

ఇది నేను స్వయంగా చేసుకున్న నిర్వాకం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మా అప్ప పెళ్లి ఫొటోలు ఒక 1 టీబీ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. సిస్టమ్ లేచినప్పుడల్లా అది దానంతటదే తెరుచుకోవాలని ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో ఒక లైను రాశాను. నెల రోజులు బ్రహ్మాండం. ఒక సాయంత్రం పిన్ని కొడుకు వచ్చి ఆ డిస్కు పట్టుకుని నరసన్నపేట వెళ్లిపోయాడు. తెల్లారి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే ఎర్ర నక్షత్రాలు అటూ ఇటూ నడుస్తున్నాయి, పక్కన సెకన్లు పెరుగుతున్నాయి. ఒక నిమిషం 30 సెకన్లకు గడువు అయిపోయింది. ఎమర్జెన్సీ మోడ్ అన్నాడు. సరే, అక్కడికైనా రానిస్తాడా అంటే, అన్ని అధికారాలూ ఉండే రూట్ అకౌంటుకు తాళం వేసి ఉంది కాబట్టి రానివ్వనన్నాడు. ఎంటర్ నొక్కితే మళ్లీ మొదటికే. ఇంటికి రానివ్వరు, గుమ్మం దిగనివ్వరు.

సంగతేంటంటే, ఎఫ్‌స్టాబ్‌లో రాసిన ప్రతి డిస్కూ తప్పనిసరి అని సిస్టమ్ నమ్ముతుంది. ఒక్కటి రాకపోయినా ముందుకు కదలదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే డెబియన్ మనకు సుడో, అంటే అవసరమైనప్పుడు రూట్ అధికారం వాడుకునే కమాండ్, ఇచ్చి, రూట్‌కి తాళం వేస్తుంది. మామూలు రోజుల్లో అది మంచిదే, ఇలాంటి రోజున మాత్రం ప్రాణం తీస్తుంది.

బయటపడిన పద్ధతి ఇది. గ్రబ్ మెనూ దగ్గర ఇంగ్లీషు 'ఈ' (e) అక్షరం నొక్కితే బూట్ లైన్లు తెరుచుకుంటాయి. లినక్స్ అన్న మాటతో మొదలయ్యే పొడుగాటి లైను ఉంటుంది. దాంట్లో ఆర్‌ఓ అన్నచోట ఆర్‌డబ్ల్యూ అని మార్చి, చివర ఖాళీ వదిలి, ఇనిట్ ఈజ్‌ఈక్వల్‌టు స్లాష్ బిన్ స్లాష్ బ్యాష్ అని చేర్చి, కంట్రోల్ ఎక్స్ నొక్కండి. పాస్‌వర్డ్ ఏమీ అడక్కుండా నేరుగా రూట్‌గా కూర్చోబెడుతుంది. నానో అనే ఎడిటర్‌తో ఎఫ్‌స్టాబ్ తెరిచి, ఆ లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టి సేవ్ చేశాను. సింక్ కొట్టి, రీబూట్ మైనస్ ఎఫ్ కొట్టాను. లేచింది.

తర్వాత ఆ లైనులోనే ఆప్షన్ల దగ్గర నోఫెయిల్ అన్న మాట చేర్చాను. ఉంటే తెరువు, లేకపోతే పోనీ అని అర్థం. తీసిపెట్టే డిస్కు ఏదైనా ఎఫ్‌స్టాబ్‌లో రాస్తే ఆ మాట తప్పకుండా ఉండాలి.

ఇది చదివి మీకో అనుమానం రావాలి: ల్యాప్‌టాప్ చేతికి చిక్కితే ఎవడైనా ఇలా దూరొచ్చా? దూరొచ్చు. అది ఇష్టం లేకపోతే ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్క్ మొత్తానికి ఎన్‌క్రిప్షన్ పెట్టుకోండి. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం నాకు ఫోన్ చేయకండి.

కరెంటు పోయి వచ్చాక ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని బ్రాకెట్లో వచ్చి ఆగిపోయింది.

మన జిల్లాలో ఈ ప్రశ్న రాకపోతే ఆశ్చర్యపోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయి, రోజుల తరబడి చీకటే. అంతటి గాలి అక్కర్లేదు, మామూలు వేసవి సాయంత్రం నాలుగు ఉరుములు ఉరిమినా చాలు. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, డెస్క్‌టాప్‌కి ఏముంది?

డిస్కు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే లెక్క తప్పుతుంది. డిస్కు మీద ఫైళ్లు సర్దడానికి మనం వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతి, చేయబోయే పనిని ముందు జర్నల్ అనే చిట్టాలో రాసుకుంటుంది కాబట్టి, మళ్లీ లేచినప్పుడు ఆ చిట్టా చూసుకుని తనే సర్దుకుంటుంది. చాలాసార్లు మనకు తెలియను కూడా తెలియదు. ఎప్పుడైనా సర్దుకోలేకపోతేనే అక్కడ ఆగి, ఎఫ్‌ఎస్‌సీకే, అంటే డిస్కు తనిఖీ, నువ్వే చేసుకో అంటుంది. ఏ పార్టిషనో పైన లైనులోనే రాసి ఉంటుంది. ఎఫ్‌ఎస్‌సీకే మైనస్ వై, ఆ పార్టిషన్ పేరు కొట్టి వదిలేయండి. అన్నిటికీ అవునని తనే చెప్పుకుంటూ పోతుంది. అయ్యాక ఎగ్జిట్ కొడితే బూట్ అవుతుంది. ఎక్కడివో తెలియని ముక్కలు దొరికితే లాస్ట్ ప్లస్ ఫౌండ్ అనే ఫోల్డర్‌లో పడేస్తుంది.

నడుస్తున్న సిస్టమ్ మీద, మౌంట్ అయి ఉన్న పార్టిషన్ మీద మాత్రం ఈ కమాండ్ కొట్టకండి. బాగున్నదాన్ని చెడగొడుతుంది. నెలలో రెండుసార్లు ఇలా జరుగుతుంటే యూపీఎస్ కొనండి.

పాస్‌వర్డ్ కొడితే ఒక్క క్షణం నల్లబడి మళ్లీ లాగిన్ స్క్రీనే వస్తోంది.

పాస్‌వర్డ్ తప్పు కాదు. తప్పయితే తప్పని చెప్పేది. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3తో లోపలికి వెళ్లి డీఎఫ్ మైనస్ హెచ్ కొట్టండి. రూట్ దగ్గర 100 శాతం అని ఉంటే డిస్కు నిండిపోయింది, డెస్క్‌టాప్‌కి ఒక చిన్న ఫైలు రాసుకోవడానికి కూడా చోటు లేదు. సుడో ఆప్ట్ క్లీన్ కొడితే కొంత ఖాళీ అవుతుంది. పాత టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్లు అదే డిస్కులో పేరుకుపోయి ఉంటే అవే అసలు దొంగలు.

చోటు ఉన్నా ఇలాగే అవుతుంటే, హోమ్‌లో చుక్కతో మొదలయ్యే ఎక్స్ అథారిటీ అనే దాగిన ఫైల్ ఉంటుంది, దాని యజమాని ఎవరో ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌ఏ కొట్టి చూడండి. రూట్ అని ఉంటే సుడోతో దాన్ని తీసేయండి, లాగిన్ అయినప్పుడు కొత్తది తయారవుతుంది. డెస్క్‌టాప్‌లో కనిపించే ప్రోగ్రాములను సుడోతో తెరిచే అలవాటు ఉన్నవాళ్లకే ఈ జబ్బు వస్తుంది.

ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ వేశాక నల్ల తెర తప్ప ఏమీ లేదు.

గ్రబ్ దగ్గర 'ఈ' (e) నొక్కి, లినక్స్ లైను చివర నోమోడ్‌సెట్ చేర్చి బూట్ చేయండి. బొమ్మ నాసిగా ఉన్నా కనిపిస్తుంది, తర్వాతి పనికి అది చాలు. కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడు డ్రైవర్‌ని కూడా దానికి తగ్గట్టు మళ్లీ తయారు చేసుకోవాలి, దానికి కెర్నల్ హెడర్స్ ప్యాకేజీ ఉండాలి. అది లేకపోవడమే మామూలు కారణం. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా సంతకం లేని డ్రైవర్‌ని లోపలికి రానివ్వదు.

వైఫై కనిపించట్లేదు. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి.

ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి.

ప్రోగ్రాములు దించి ఎక్కించే ఆప్ట్ మొత్తం ఎర్రర్లే. ఏది ఇన్‌స్టాల్ చేసినా డిపెండెన్సీ అంటోంది.

ముందు సుడో డీపీకేజీ కాన్ఫిగర్ మైనస్ ఏ, తర్వాత సుడో ఆప్ట్ ఫిక్స్ బ్రోకెన్ ఇన్‌స్టాల్. కాన్ఫిగర్ ముందు రెండు అడ్డగీతలు. ఫిక్స్, బ్రోకెన్ మధ్య ఒకటి, వాటి ముందు రెండు. మధ్యలో కరెంటు పోయో, ఓపిక లేక మూత మూసేయడం వల్లో ఆగిన పని అయితే దీంతో సర్దుకుంటుంది.

సర్దుకోకపోతే, ప్యాకేజీలు ఎక్కడి నుంచి దించుకోవాలో రాసి ఉండే సోర్సెస్ లిస్ట్ తెరిచి చూడండి. యూట్యూబ్ చూసి ఉబుంటూ రిపాజిటరీ ఏదో చేర్చి ఉంటారు. చుట్టాలే కదా అని ఉబుంటూ ప్యాకేజీలు తెచ్చి డెబియన్‌లో కలపకూడదు. ఇలా అతుకులేసిన సిస్టమ్‌ని డెబియన్ వాళ్లే ఫ్రాంకెన్‌డెబియన్ అని వెక్కిరిస్తారు.

ఆప్ట్ ఏవైనా తీసేయబోతుంటే ఆ జాబితా పైనుంచి కిందిదాకా చదవండి. 2021లో పాప్ ఓఎస్ అనే ఇంకో లినక్స్‌లో, ఆటల కోసం వాడే స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోయిన ఒక పేరున్న యూట్యూబర్‌కి, ప్యాకేజీల్లో ఉన్న లోపం వల్ల, డెస్క్‌టాప్ మొత్తం తీసేస్తానని ఆప్ట్ చెప్పింది. నిజంగా కావాలంటే "అవును, నేను చెప్పినట్టు చెయ్యి" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా టైపు చేయమంది. ఆయన చేశాడు. డెస్క్‌టాప్ పోయింది. తప్పు ప్యాకేజీదే అయినా, ఆ జాబితా తెర మీద ఎదురుగానే ఉంది.

సుడో కొడితే "ఈ ఘటన రిపోర్ట్ అవుతుంది" అంటోంది. ఎవరికి?

పోలీసులకు కాదు. మీ కంప్యూటర్‌లోని రూట్‌కి, అంటే మీకే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్‌కి పాస్‌వర్డ్ పెట్టారు కాబట్టి మీ పేరు సుడో గ్రూపులో చేరలేదు. ఎస్‌యూ కొట్టి, పక్కన ఒక్క మైనస్ పెట్టి, రూట్ పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లి, యాడ్‌యూజర్, మీ పేరు, సుడో అని కొట్టండి. లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి.

పర్మిషన్ గొడవ ఎందుకని రూట్ మొత్తానికి, అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే సీహెచ్‌మోడ్ 777 కొట్టేశాను.

స్నాప్‌షాట్ ఉంటే దాన్ని వెనక్కి తెచ్చుకోండి. లేకపోతే హోమ్‌ని కాపీ చేసుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ఏ ఫైలుకు ఏ పర్మిషన్ ఉండేదో వేల ఫైళ్లకు కూర్చుని సరిచేసేవాడు ఎవడూ లేడు.

ఫైళ్లు డిలీట్ అయిపోయాయి. తెచ్చుకోగలమా?

డిలీట్ అయిందని తెలిసిన క్షణమే సిస్టమ్ ఆపేయండి. ఆ చోటు మీద ఇంకోటి రాయనంతవరకే ఆశ. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పోయిన ఫైళ్లు వెతికే ఫొటోరెక్ నడిపి, దొరికినవి వేరే డిస్కులోకి తీయండి. అదే డిస్కులోకి తీస్తే మిగిలినవాటి మీద మీరే మట్టి పోసినట్టు. దొరికిన ఫొటోలకు పేర్లు ఉండవు, ఒక్కోటి తెరిచి చూసుకోవాల్సిందే. పాత హార్డ్ డిస్క్ అయితే చాలావరకు వస్తాయి. ఎస్‌ఎస్‌డీ అయితే ట్రిమ్, అంటే డిలీట్ అయిన చోటును డిస్కే తుడిచేయడం, జరిగాక దాదాపు ఏమీ రావు.

డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే ఇవేవీ చేయకండి, ఆపేసి పక్కన పెట్టండి. అది సాఫ్ట్‌వేర్ పని కాదు.

తెలుగు డబ్బాల్లా కనిపిస్తోంది.

నా సిస్టమ్‌లో రాకూడదు, మామూలు డెబియన్‌లో వస్తుంది. ఫాంట్స్ తెలు అనే ప్యాకేజీ వేయండి. తెలుగు విజయం ఫాంట్లు కూడా డెబియన్‌లో ఉన్నాయి. వాటిలో గిడుగు పేరుతో ఒకటి, గురజాడ పేరుతో ఒకటి ఉన్నాయి. వాడుక భాష కోసం కొట్లాడిన ఇద్దరిలో ఒకరు మన జిల్లావారు, ఇంకొకరు పక్కన విజయనగరంలో ఉన్నవారు. నేను పెళ్లి కార్డులకు గురజాడ, మిగతాదానికి మండలి అనే ఫాంటు వాడతాను. టైపు చేయడానికి ఐబస్ అనే సాధనంలో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టాను. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు ఉంటే ఆర్‌టీఎస్ ఎంచుకోండి.

ఒక్క విషయంలో నా మాట వినండి. సిస్టమ్ భాషని మాత్రం ఇంగ్లీషులోనే ఉంచండి. నాకూ తెలుగులో చూసుకోవాలని సరదా ఉండేది, పెట్టుకున్నాను కూడా. డెస్క్‌టాప్ బాగున్నంతకాలం ముచ్చటగానే ఉంది. అది పడిపోయి నల్ల తెర మీదికి వెళ్లిన రోజున, అక్కడ తెలుగు అక్షరాలు చూపించే శక్తి లేదు కాబట్టి, ఎర్రర్ మెసేజీలు కొన్ని గళ్లు గళ్లుగా వచ్చాయి. ఏం చెడిందో చెప్పే మాటే చదవలేని పరిస్థితి.

నేనూ సొంతంగా ఇలాంటిది తయారు చేసుకోవచ్చా?

తప్పకుండా. డెబియన్‌లో లైవ్ బిల్డ్ అనే సాధనం ఉంది. ఒక ఖాళీ ఫోల్డర్‌లో ఎల్‌బీ కాన్ఫిగ్ కొడితే లోపల ఫోల్డర్లు పుట్టుకొస్తాయి. మీకు కావలసిన ప్యాకేజీల పేర్లు ఒక లిస్టు ఫైల్‌లో రాసి, సుడోతో ఎల్‌బీ బిల్డ్ కొడితే, నెట్ స్పీడును బట్టి గంటో రెండు గంటలో తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకునే ఐఎస్‌ఓ ఫైల్ చేతికొస్తుంది. నేను తయారు చేసిన మొదటిది చక్కగా లేచింది, కానీ లిస్టులో నెట్‌వర్క్ మేనేజర్ రాయడం మర్చిపోయాను. అందమైన డెస్క్‌టాప్, నెట్ లేదు. రెండో దాంట్లో నెట్ వచ్చింది, సౌండు పోయింది.

వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, చెడగొట్టడం నేర్చుకోండి. కావాలనే ఎఫ్‌స్టాబ్‌లో తప్పు రాయండి, గ్రబ్ తీసేయండి, మళ్లీ నిలబెట్టండి. రెండు ఆదివారాలు ఈ పని చేసినవాళ్లు నాకు రాత్రిపూట ఫోన్ చేయడం మానేశారు.

రిపేరు షాపులో ఫార్మాట్ తప్ప దారి లేదంటున్నారు.

వాళ్లను తప్పుపట్టలేం. ఫార్మాట్‌కి అరగంట, ఫలానా అని చార్జీ. ఏం చెడిందో వెతకడానికి ఎంతసేపు పడుతుందో వాళ్లకే తెలియదు, దానికెవరూ డబ్బివ్వరు. ఇచ్చే ముందు మీరు అడగాల్సింది ఒక్కటే: "పెన్‌డ్రైవ్‌తో లేపి హోమ్ ఫోల్డర్ కాపీ తీశారా, బావూ?" తీయలేదంటే ల్యాప్‌టాప్ వెనక్కి తెచ్చేసుకోండి.

నేరుగా తెచ్చి చూపించొచ్చా?

ఆదివారం మధ్యాహ్నం తీసుకురండి. డబ్బులేమీ వద్దు. కానీ రిపేరు నేను చేయను, మీ పక్కన కూర్చుని చెబుతాను, కీబోర్డు మీరే కొట్టాలి. తీసిన ఫొటోలు, నేనిచ్చిన పెన్‌డ్రైవ్ వెంట ఉండాలి. ఛార్జర్ మర్చిపోకండి. మొన్న ఒకాయన టెక్కలి నుంచి బస్సెక్కి వచ్చాడు, ఛార్జర్ ఇంట్లోనే ఉండిపోయింది, బ్యాటరీ 11 శాతం. ఆ పిన్ను మా వీధిలో ఎవరి దగ్గరా లేదు. స్క్రీన్ వెలుగు తగ్గించుకుని సీహెచ్‌రూట్‌లోకి వెళ్లాం. గ్రబ్ ఎక్కి, డెస్క్‌టాప్ కనిపించేసరికి 3 శాతం మిగిలింది.